చెరువుల చరిత్రకు ఏ లైబ్రరీకి వెళ్లాలి?

ప్రశ్న: నమస్తే సార్. మాది చిత్తూరు దగ్గర ఒక పల్లె. తిరుపతిలో హిస్టరీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, మొదటి సంవత్సరం. మా ప్రాంతపు చెరువుల చరిత్ర టాపిక్‌గా తీసుకున్నాను. యూనివర్సిటీ సెంట్రల్ లైబ్రరీలో వెతికితే నాలుగైదు పుస్తకాలే దొరికాయి, అవీ తమిళనాడు చెరువుల మీదవి. ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్రాలున్నాయనీ, వేరే క్యాంపసుల్లో వేరే లైబ్రరీలున్నాయనీ సీనియర్లు చెబుతారు గానీ వాళ్లెవరూ వెళ్లిన దాఖలా లేదు. ధైర్యం చేసి ఒక లైబ్రరీకి వెళ్లాను. ఏ పుస్తకం కావాలన్నారు. "చెరువుల మీద ఏమున్నా చూపించండి" అన్నాను. "అలా కుదరదమ్మా, లెటర్ తీసుకురా" అని పంపేశారు. మా ఇంట్లో ఇంతదాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే, అడగడానికి ఎవరూ లేరు. మెటీరియల్ లేకపోతే టాపిక్ మార్చుకో అంటున్నారు మా గైడ్. టెన్షన్‌గా ఉంది. మార్చుకోమంటారా? మీ కూతురి వయసుదాన్ని, సలహా చెప్పండి.

— పేరు వేయొద్దన్న పాఠకురాలు

జవాబు:

అమ్మా, టాపిక్ మార్చుకోవద్దు. ఈ మాట ముందే చెప్పేస్తే నీకు కాస్త ఊపిరాడుతుంది. మన వైపు చెరువు లేని ఊరు అరుదు. చెరువు కింద మడి ఉన్నచోట శిస్తు ఉంటుంది, శిస్తు ఉన్నచోట కాగితం ఉంటుంది. నీకు కావలసింది బోలెడంత ఉంది. కాకపోతే "చెరువులు" అనే పేరుతో ఒకే బీరువాలో లేదు.

లైబ్రరీ కౌంటర్ వెనక ఉద్యోగమంతా గడిపినవాడిని కాబట్టి ఒక సంగతి చెబుతాను, మిగతాదంతా దాని నుంచే వస్తుంది. సెంట్రల్ లైబ్రరీని అందరి కోసం పెడతారు. ప్రత్యేక లైబ్రరీ మాత్రం ఎవరో కొందరు తమ పని కోసం కూడబెట్టుకున్నది. గ్రంథాలు పరిష్కరించడానికి పండితులు తాళపత్రాలు సేకరించారు. కైంకర్యాల లెక్క తేలడానికి దేవస్థానం శాసనాలు అచ్చు వేయించింది. పంటల కోసం, నీళ్ల కోసం చేసిన పరిశోధనలను వ్యవసాయ కాలేజీ దాచుకుంది. అందుకని లైబ్రరీకి బయల్దేరే ముందు ఒక ప్రశ్న వేసుకో: ఈ చెరువు సంగతి అప్పట్లో ఎవరికి అవసరమైంది? గుడికి అవసరమైంది. పాలెగాడికి, ఆ తర్వాత కలెక్టరుకి అవసరమైంది. గండి పడితే పూడ్చాల్సిన ఇంజనీరుకి అవసరమైంది. ఎవరికి అవసరమో వాళ్లు రాసిపెట్టుకున్నారు. వాళ్ల కాగితాలు ఏ లైబ్రరీకి చేరాయో అక్కడికి నువ్వు వెళ్లాలి.

ముందు మీ సెంట్రల్ లైబ్రరీకే మరోసారి వెళ్లు. డ్యూయీ పద్ధతిలో, అంటే ఒక్కో విషయానికి ఒక్కో అంకె వేసి సర్దిన లైబ్రరీల్లో నీటిపారుదల పుస్తకాలు ఒకచోట ఉండవు. నీటి వనరుల ఆర్థికం 333లో, కాలువలూ కట్టల ఇంజనీరింగ్ 627లో, వ్యవసాయానికి సంబంధించినది 631లో, చరిత్ర 954లో పడతాయి. హిస్టరీ విద్యార్థులు 954 అరల దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. నువ్వూ అదే చేసి ఉంటావు. ఆ నాలుగు చోట్లా అరల ముందు నిలబడి, ఒక్కో పుస్తకం వెనక ఉన్న గ్రంథసూచి తిరగెయ్యి. మంచి పుస్తకం ఒక్కటి దొరికితే చాలు, తర్వాత ఎక్కడికి వెళ్లాలో అదే చెబుతుంది.

ఇంకో చిక్కు జిల్లా పేరుతో వస్తుంది. నువ్వు "చిత్తూరు జిల్లా" అని వెతుకుతున్నావు. ఆ జిల్లా పుట్టిందే 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తర ఆర్కాట్ జిల్లాలో ఉండేవి, ఆ జిల్లాకి చిత్తూరే హెడ్‌క్వార్టర్స్. మదనపల్లె, వాయల్పాడు మాత్రం కడప జిల్లాలోవి. అంటే 1911కి ముందు మీ ఊరి చెరువు సంగతి ఏదైనా ఉత్తర ఆర్కాట్ పేరు మీదే ఉంటుంది. 1881లో కాక్స్ అనే అధికారి ఉత్తర ఆర్కాట్ జిల్లా మాన్యువల్, అంటే జిల్లా వివరాల పుస్తకం రాశాడు, దాన్ని ఆ తర్వాత స్టూవర్ట్ పెంచి రాశాడు. కడప వైపు తాలూకాలకి గ్రిబుల్ రాసిన 1875 నాటి మాన్యువల్ ఉంది. ఈ రెండూ కాపీరైట్ గడువు ఎప్పుడో దాటినవే, ఇంటర్నెట్‌లో స్కాన్లు దొరుకుతాయి. ఆ తర్వాతా సరిహద్దులు మారాయి: 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, సత్యవేడు ఇటు వచ్చింది. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది. నువ్వు తీసుకునే ప్రతి ఊరికీ ఏ ఏడు ఏ జిల్లా, ఏ తాలూకా అని ఒక పట్టిక వేసుకుని నోట్‌బుక్ మొదటి పేజీలో అతికించుకో. ఎక్కడికి వెళ్లినా అది నీ చేతిలో ఉండాలి.

ఇక గుడి కాగితాలు. నీ థీసిస్‌కి వెన్నెముక ఇదే అవుతుందని నా నమ్మకం. తిరుమల తిరుపతి దేవస్థానం 1930లలో తన శాసనాలను ఆరు సంపుటాలుగా అచ్చు వేసింది. ఆ పనికి మూలపురుషుడు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు. మొదటి సంపుటం తొలి కాలానిది, రెండోది సాళువ నరసింహుడి నాటిది, మూడోది కృష్ణరాయలది, నాలుగోది అచ్యుతరాయలది, ఐదోది సదాశివరాయలది, ఆరోది ఆ తర్వాతి కాలానిది. ఇవి చదవడానికి కొండెక్కి గోడల ముందు నిలబడక్కర్లేదు. శాసనాలు ఎక్కువ భాగం తమిళంలో ఉన్నా, పాఠంతో పాటు ఇంగ్లీషు అనువాదం ఇచ్చారు.

చెరువుల పరిశోధకురాలు ఎందుకు చదవాలంటావేమో, రెండో సంపుటం తెరిచి వరసగా చదువుతూ పో. చాలా శాసనాలు ఒకే తీరున నడుస్తాయి. ఒక భక్తుడు స్వామికి రోజూ ఫలానా నైవేద్యం జరగాలని కోరుకుంటాడు. దానికి ఇన్ని నర్పణాలు, అంటే అప్పటి నాణేలు, శ్రీభండారంలో (గుడి ఖజానాలో) కడతాడు. ఆ సొమ్ముని స్థానత్తారులు, అంటే గుడి నిర్వాహకులు, ఖజానాలో ఊరికే ఉంచరు. గుడికి చెందిన ఊళ్లలో, అంటే తిరువిడైయాట్టం గ్రామాల్లో, చెరువులు బాగుచేయడానికో కాలువలు తవ్వడానికో పెడతారు. దాంతో అదనంగా పండిన పంట నుంచి నైవేద్యం ఖర్చు గడుస్తుంది. ప్రసాదంలో నాలుగో వంతు దాతకి వస్తుంది. ఒక్కసారి ఆలోచించు తల్లీ! పూజ కోసం రాయించిన రాతలో పెట్టుబడి ఉంది, కాలువ ఉంది, ఊరి పేరు ఉంది, ఏడాది ఉంది. దీన్ని పట్టుకునే బర్టన్ స్టెయిన్ అనే అమెరికన్ చరిత్రకారుడు 1960లో తిరుపతి గుడి ఆర్థిక పాత్ర మీద వ్యాసం రాశాడు, దేశదేశాల్లో ఇప్పటికీ దాన్ని ఉదహరిస్తారు. అది పాత విదేశీ జర్నల్లో ఉంది కాబట్టి మీ యూనివర్సిటీకి ఆన్‌లైన్ చందా ఉందేమో లైబ్రరీలో అడుగు. ఆయన ఊళ్ల స్థాయికి దిగి ఒక్కో చెరువు కథ చెప్పలేదు. ఆ పని మిగిలే ఉంది. ఆ ఊళ్లు తెలిసిన మనిషి చేస్తేనే అది బాగుంటుంది.

తేదీల దగ్గర జాగ్రత్త. శాసనాల్లో శక సంవత్సరం, దాంతో పాటు ప్రభవాది పేరు ఉంటాయి. శకానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని అందరూ చెబుతారు. అయితే జనవరి నుంచి ఉగాది లోపు పడే తిథులకి 79 కలపాలి. కృష్ణదేవరాయలు మొదటిసారి తిరుమల వచ్చింది శక 1434, ఆంగీరస సంవత్సరంలో. 78 కలిపితే 1512 అవుతుంది. కానీ ఆ తిథి 1513 ఫిబ్రవరి 10న పడింది. వైవాలో ఒక ఏడాది తేడా చాలు, నిన్ను నిలబెట్టి అడగడానికి.

తిరుమల శాసనాలతో పాటు పోరుమామిళ్ల శాసనం తప్పకుండా చదువు. కడప జిల్లాలోది, శక 1291, అంటే 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు చెరువు కట్టించి వేయించాడు. శాసనాలు అచ్చువేసే ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటంలో అచ్చయింది. చెరువుకి కావలసిన పన్నెండు అంగాలూ, ఉండకూడని ఆరు దోషాలూ అందులో వరసగా చెప్పారు. రోజుకి వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా ఉంది. మీ ఊరి చెరువు కట్ట మీద నిలబడి ఆ పన్నెండింటినీ ఒక్కొక్కటిగా పోల్చి చూస్తే ఒక అధ్యాయం రాయవచ్చు.

నువ్వు భయపడిన ప్రాచ్య పరిశోధన సంస్థ గురించి ఇప్పుడు. దేవస్థానం 1939లో స్థాపించింది. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చాక 1956లో దానికి అప్పగించారు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారి వంటి మహామహులు పనిచేసిన చోటు. అక్కడ ఏం దొరుకుతుందో ఉన్నదున్నట్టు చెబుతాను. ఆ సేకరణలో పెద్ద పాలు కావ్యాలు, వ్యాకరణం, ధర్మశాస్త్రం, ఆగమాలు. మీ తాలూకా చెరువుల జాబితా ఏ తాళపత్రంలోనో ఉంటుందనుకుని వెళ్తే నిరాశపడతావు. కానీ చెరువు తవ్వించడం మనవాళ్లకి సప్తసంతానాల్లో ఒకటి. చెరువుని ప్రతిష్ఠ చేయడానికి పద్ధతి ఉంది. సూచీలో, అంటే కేటలాగ్‌లో, ధర్మశాస్త్ర విభాగం తీసి తటాక ప్రతిష్ఠ, జలాశయ ప్రతిష్ఠ, జలాశయోత్సర్గం అనే మాటల కింద చూడు. చెరువు కట్టించినవాడు దాన్ని ఏమనుకుని కట్టించాడో అక్కడ తెలుస్తుంది. రెవెన్యూ కాగితం అది చెప్పదు.

ఏ తాళపత్ర గ్రంథాలయమైనా పద్ధతి ఇదే: ముందు సూచీ, తర్వాత నంబరు, ఆ తర్వాతే గ్రంథం. సూచీలో గ్రంథం పేరు, భాష, లిపి, పత్రాల సంఖ్య, పూర్తా అసంపూర్ణమా, మొదటి పంక్తి, చివరి పంక్తి ఉంటాయి. లిపి అన్న గడిని చూడకుండా చీటీ రాయకు. సంస్కృత గ్రంథం తెలుగు లిపిలో ఉండొచ్చు, తమిళదేశంలో సంస్కృతం రాయడానికి వాడిన 'గ్రంథ' అనే లిపిలోనూ ఉండొచ్చు. గ్రంథ లిపి అయితే చదివిపెట్టే మనిషి కావాలి.

తాళపత్రాల కట్ట బల్ల మీదకి వచ్చాక తొందరపడొద్దు. పైనా కిందా చెక్కలు, ఆకుల మధ్య రంధ్రంలోంచి దారం. దారం వదులు చేసి, ఆకుని రెండు చేతులతో అంచుల దగ్గర పట్టుకుని తిప్పాలి. వేలు తడిచేసుకుని పుస్తకం పేజీలా తిప్పకూడదు. ఘంటంతో గీసిన అక్షరం లోతుగా ఉంటుందే తప్ప నల్లగా ఉండదు, మసి రాస్తేనే కనిపిస్తుంది. ఆ మసి పోయిన ఆకుల్ని ఏటవాలు వెలుతురులో చూడాలి. మాటల మధ్య ఖాళీ ఉండదు, పద్యానికీ పద్యానికీ మధ్య కూడా పంక్తి మారదు. మొదటి గంటలో ఒక ఆకు కూడా పూర్తి కాకపోవచ్చు. అందరికీ అంతే. పెన్ను సంచిలోనే ఉంచి పెన్సిల్‌తో రాసుకో. ఫోన్ కెమెరా తీయకముందే ఫోటోలకి అనుమతి, రుసుము ఏమిటో అడుగు.

మిగతావి త్వరగా చెబుతాను. జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, అంటే మనం ఇప్పటికీ విద్యాపీఠం అనే చోటు, 2020 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయం. వాస్తు, ధర్మశాస్త్రం వంటి వాటిలో అచ్చయిన సంస్కృత పుస్తకాలకి, చదివిపెట్టే అధ్యాపకులకి అక్కడికి వెళ్లు. వ్యవసాయ కాలేజీ 1961 నుంచి ఉంది, ఆచార్య రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందిది. చెరువు కింద సాగు, పూడిక మట్టి, వేరుశనగ మీద అక్కడ చేసిన థీసిస్‌లు హిస్టరీ వాళ్ల కంట పడవు. మామూలు యూనివర్సిటీల థీసిస్‌లకి శోధ్‌గంగ ఉన్నట్టే వ్యవసాయ థీసిస్‌లకి కృషికోశ్ అనే వెబ్‌సైట్ ఉంది, ముందు ఇంట్లో కూర్చుని అందులో వెతుక్కో. పాత థీసిస్‌లు చాలావరకు ఇప్పటికీ బైండు చేసి అరల్లోనే ఉంటాయి, వాటికోసం మనిషి వెళ్లక తప్పదు. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో పెట్టారు. తమిళ, కన్నడ శాసన భాషతో ఇబ్బంది పడితే అక్కడి భాషా విభాగాల వాళ్లని పలకరించు. మీ ప్రాంతం మూడు భాషల కూడలి కదా, ఎప్పుడో ఒకప్పుడు ఆ సాయం అవసరమవుతుంది.

తిరుపతి దాటి రెండు ప్రయాణాలు పెట్టుకోక తప్పదు, రెండూ చెన్నైకే. ఒకటి ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, ఉత్తర ఆర్కాట్ జిల్లా పాత రికార్డుల కోసం. ఇంకోటి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం. సర్వే అధికారి కల్నల్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు ఊరూరా తిరిగి, తిప్పించి రాయించిన కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, అక్కడ ఉన్నాయి. చెరువు ఎవరు కట్టించారు, మాన్యం ఎవరికిచ్చారు అన్న ముచ్చట్లు వాటిలో దొర్లుతూ ఉంటాయి. కడప సీమవి కొన్ని కడపలోని బ్రౌన్ పరిశోధన కేంద్రం అచ్చు వేసింది, వాటితో మొదలుపెడితే ఆ భాష అలవాటవుతుంది. ఆర్కైవ్స్‌కి వెళ్లేముందు రెండు సంగతులు రాసుకో. చెరువు తవ్వినవాళ్లకో నిలబెట్టినవాళ్లకో ఇచ్చే భూమిని దశబంధం ఇనాం అనేవారు, ఇనాం రిజిస్టర్లలో ఆ మాట కోసం చూడు. మద్రాసు సర్కారు 1883లో చెరువుల పునరుద్ధరణ స్కీము మొదలుపెట్టింది. దాని కింద చెరువు చెరువుకీ మెమాయర్ అని కాగితం తయారైంది: పరీవాహకం ఎంత, ఆయకట్టు ఎంత, తూములెన్ని, మొరవ (నిండిన నీరు పొర్లిపోయే చోటు) ఎంత పొడవు. అయితే ఇది రైత్వారీ చెరువుల సంగతి, అంటే రైతులు నేరుగా సర్కారుకి శిస్తు కట్టే ఊళ్లవి. కార్వేటినగరం, కాళహస్తి, పుంగనూరు జమీందారీ ఊళ్లలో 1948 ఎస్టేట్ల రద్దు చట్టం దాకా సర్కారు కాగితం పలచగా ఉంటుంది. మీ పల్లె ఏ కిందిదో ముందు తేల్చుకో.

ఇప్పుడు నిన్ను పంపేసిన కౌంటర్ దగ్గరికి వద్దాం. ఆ రోజు నీకు అవమానమనిపించింది, అర్థమవుతుంది. ఇంకాస్త ఓపికగా చెప్పాల్సింది వాళ్లే. కానీ లోపల అరల్లోకి పాఠకుల్ని వదలని లైబ్రరీలో "చెరువుల మీద ఏమున్నా" అంటే, అక్కడ కూర్చున్న మనిషి ఎటు లేవాలో తెలియక ఇబ్బంది పడతాడు. పేరో నంబరో చెబితే లేచి వెళ్లగలడు. అన్నమయ్య కీర్తనకి ఇవాళ్టికీ రాగిరేకు నంబరు వేస్తారు చూడు, అంతమంది పండితులు అన్ని వేల పాటల మధ్య దారి తప్పకపోవడానికి అదే ఆధారం.

గైడ్ చేత సంతకం పెట్టించి, విభాగం ముద్రతో ఒక లెటర్ తీసుకో. అందులో నీ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, టాపిక్, ఏ విభాగపు సేకరణ చూడాలి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని ఉండాలి. నాలుగు కాపీలు, ఐడీ కార్డు జిరాక్స్, రెండు ఫోటోలు సంచిలో పెట్టుకో. కౌంటర్ దగ్గర ఇలా మొదలుపెట్టు: "నమస్తే సార్, నేను హిస్టరీ స్కాలర్‌ని. దేవస్థానం శాసనాల రెండో సంపుటం చూడాలి. దాంతో పాటు మీ ధర్మశాస్త్ర సూచీ ఒకసారి చూసుకోవచ్చా?" మొదటిది వాళ్లు సులువుగా తెచ్చివ్వగలిగింది. రెండోది నిన్ను లోపలి సేకరణలోకి తీసుకెళ్లేది. ఉదయం తెరిచిన గంటలో వెళ్లు, భోజనాల వేళ వెళ్లకు. సూచీలో లేనిది కూడా అక్కడ ఏళ్ల తరబడి పనిచేసిన అటెండరుకి తెలిసి ఉంటుంది. వాళ్లని "అన్నా" అని పలకరించి, నీ టాపిక్ ఏమిటో తెలుగులో రెండు వాక్యాల్లో చెప్పు. మళ్లీ వెళ్లినప్పుడు ముందురోజు ఏం దొరికిందో చెప్పు. చాలామంది స్కాలర్లు పుస్తకం తీసుకుని మాట్లాడకుండా వెళ్లిపోతారు.

మీ గైడ్ మాటనీ కొట్టిపారేయకు. జిల్లా మొత్తం చెరువులంటే ఎవరి వల్లా కాదు, ఆయన భయం అదే అయి ఉంటుంది. టాపిక్ మార్చడానికి బదులు కుదించు. చంద్రగిరి తాలూకా ఒక్కటి తీసుకుంటే గుడి శాసనాలు, ఉత్తర ఆర్కాట్ రికార్డులు రెండూ కలిసొస్తాయి, తిరుపతి నుంచి బస్సులో పోయి చెరువులు చూసి రావచ్చు. మీ సొంత ఊరు చిత్తూరు వైపు కదా, దాన్ని పోలిక కోసం చివరి అధ్యాయంలో పెట్టుకోవచ్చు. ముందు రెండో సంపుటం కూర్చుని చదువు. చెరువు, కాలువ ప్రస్తావన ఉన్న శాసనాల నంబర్లు, ఊళ్లు, శక సంవత్సరాలు ఒక తెల్లకాగితం మీద రాసి ఆయన బల్ల మీద పెట్టు. మెటీరియల్ ఉందా లేదా అన్న మాట ఆ కాగితం చూశాక మాట్లాడుకోండి. శాసనాల తమిళ పాఠం దగ్గర ఎక్కడైనా ఆగిపోతే శాసనం నంబరు రాసి నాకు మళ్లీ ఉత్తరం పెట్టు.